మరియు

లూయిస్‌టౌన్, మోంటానా. మెయిన్ స్ట్రీట్ బ్యాంకులో
మూడో కౌంటరు నాది. డిపాజిట్లు లేనప్పుడు నోటరీని.
నా ముద్ర గుండ్రంగా, చేగోడీ అంత ఉంటుంది.

ఏప్రిల్, గురువారం, పదిన్నర.
మంచు కరిగిన బురద బూట్లతో వర్లిన్ హాగ్‌స్టాడ్.
వెనకే కొనే మనిషి మారిసెల్, తేనెటీగలు పెంచుతుంది,
మోచేతి మీద రెండు కొత్త కాట్లు.
అమ్మేది నాలుగు చక్రాల కొండబండి,
ఎర్రది, రెండువేల నాలుగు మోడలు.
గుర్రం వెళ్ళే చోటికల్లా వెళుతుందట,
గుర్రం మొరాయించే చోటికి కూడా.

చట్రం మీది పదిహేడు అక్షరాలూ అంకెలూ
ఆమె అరచేతిలో పెన్నుతో ఎక్కించుకుని వచ్చింది.
అది ఎనిమిదా, బీయా అని
ముగ్గురం ఆ చేతి మీదికి వంగి చూశాం.

"ఉన్నది ఉన్నట్టు" అన్న గడిలో వర్లిన్ టిక్కు పెట్టాడు.
మా తాలూకాఫీసు దస్తావేజులైతే
నిధి నిక్షేపాలూ జల తరు పాషాణాలూ
గుక్క తిప్పుకోకుండా లెక్కబెట్టి
ఆచంద్రార్కం అమ్మేసేవి.
ఇక్కడ రెండే మాటలు.
ఎడమ వెనక బ్రేకు పట్టదని
ఆ రెండూ కలిసినా చెప్పవు.

టైటిల్ కాగితం తిప్పాను. నా వేలు ఆగింది.
యజమాని గడిలో రెండు పేర్లు:
వర్లిన్ మరియు ఆరిన్.
"లేదా" అని ఉంటే ఒక్క సంతకం చాలు.
"మరియు" అంటే ఇద్దరూ రావాలి.

మా ఇళ్ళలో ఎవరూ "మరియు" అనరు.
పేరు చివర కాస్త సాగదీస్తాం, అంతే.
వర్లినూ ఆరినూ అంటే ఇద్దరూ.
వర్లినో ఆరినో అంటే ఎవరో ఒకరు.
పెదాలు బిగిస్తే ఇద్దరు,
కొంచెం వదిలితే ఒకడు.
అంత సన్నటి తేడా మీద
నాలుగు చక్రాలూ ఆగిపోయాయి.

"తమ్ముడు ఉన్నాడా?"
"ఉన్నాడు. పదకొండు మైళ్ళు."
టోపీ అంచుని వేళ్ళతో ఒక చుట్టు తిప్పాడు.
"ఆరేళ్ళు," అన్నాడు,
అదే దూరానికి ఇంకో కొలత చెబుతున్నట్టు.

మారిసెల్ తన అరచేయి చూసుకుంది.
వారం పాటు చెయ్యి కడుక్కోకుండా ఉండలేదు కదా,
అంకెలు చీటీ మీద దించి ఇచ్చాను.

మళ్ళీ గురువారం. రెండు ట్రక్కులు.
ఒకే ముక్కు రెండు మొహాల మీద.
మధ్య కుర్చీలో మారిసెల్.
ఎవరి బలవంతమూ లేదు కదా అని అడగాలి, అడిగాను.
ఆరిన్ చాలాసేపు ఆలోచించి "లేదు" అన్నాడు.

గొలుసుతో కౌంటరుకి కట్టిన పెన్ను ఒకటే.
అన్న సంతకం చేసి బల్ల మీద పెట్టాడు, చేతికివ్వలేదు.
తమ్ముడు తీసుకుని, ఒకసారి గాలిలో రాసుకుని,
తర్వాత కాగితం మీద రాశాడు.
ఆపైన మారిసెల్‌తో, కాగితం వైపే చూస్తూ:
"చలికాలం చోక్ సగమే లాగు. పది లెక్కపెట్టు.
ఎడమ వెనక బ్రేకు నమ్మకు.
బంపరు సొట్ట వాగు దగ్గరిది. నా వల్ల."

"నా వల్ల," అన్నాడు వర్లిన్.

"నడిపింది నేను."

"నడపమన్నది నేను."

అంతే. ఫారంలో దానికి గడి లేదు.
ముద్ర నొక్కాను.
ఈ చేయి ఈ మొహానిదేనని చెప్పడం వరకే నా పని.
నిజానికి నేను సాక్షిని కాను.

ఇరవై అయిదు, అన్నీ వంద డాలర్ల నోట్లు.
మారిసెల్ లెక్కపెడుతుంటే మైనం వాసన.
పన్నెండు ఇటు, పన్నెండు అటు.
ఒకటి మిగిలింది.
"విడగొట్టనా?" అన్నాను, సొరుగు లాగుతూ.
ఇద్దరూ ఆ నోటు వంకే చూశారు.
"ఊఁ," అన్నారు,
ఇద్దరూ, ఒక్కసారే.

రెండు యాభైలు.
బయట ఒక ట్రక్కు ఎంతకీ స్టార్ట్ కాలేదు.
రెండోది స్టార్టయి కూడా కదలలేదు.
ఆ తర్వాత చూడలేదు. నా కౌంటరు ముందు
అప్పటికే ఎవరో ముసలావిడ, పచ్చడి సీసా నిండా చిల్లరతో.